పదిహేనో అధ్యాయం

కుటుంబ తగాదాల కోర్టులో ఇరవై నాలుగేళ్లు టైపు చేసిన మనిషికి ఒక పాడు అలవాటు పడిపోతుంది. ఎవరైనా ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతూ కనబడితే చాలు, రేపు విడిపోయేటప్పుడు వీళ్లు దేనికోసం కొట్టుకుంటారా అని మనసు దానంతట అదే వెతకడం మొదలుపెడుతుంది. టైపక్కకు ఆ అలవాటు ఉంది. అది మంచిది కాదని ఆమెకూ తెలుసు. అందుకే ఎవరైనా పెళ్లికి పిలిస్తే వెనక వరసలో కూర్చుని, భోజనం చేసి, పెందరాళే వచ్చేసేది.

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. జడ్జిగారి దగ్గర్నుంచి టీ పోసే మనిషి దాకా అందరూ టైపక్క అనే పిలిచేవారు. కోర్టుకు కంప్యూటర్లు వచ్చి పాత టైపు మిషన్లను అమ్మేసినప్పుడు తన మిషన్ని తనే కొనుక్కుని, బస్సులో దానికీ ఒక టిక్కెట్టు తీసి, పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇల్లంటే కోర్టు వెనక వీధిలో ఒక అద్దె గది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు, పగలంతా ఆ సంగతులే కదా టైపు చేస్తున్నాను అని నవ్వేసేది.

ఆమె వెనక పుట్టినవాడు ఒక్కడే తమ్ముడు. హైస్కూల్లో భూగోళం చెప్పే మాస్టారు. రెండు చేతులూ కట్టేస్తే నోట మాట రాని రకం. అతను ఉండే అపార్ట్‌మెంటులో ఒక రోజు పక్క వాటా ఆవిడ స్నానాలగదిలో జారిపడి, తుంటి విరిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిలుస్తూనే ఉంది. గోడకు ఇవతల మాస్టారు సెలవు పెట్టి పిల్లల జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాడు. ఫ్యాను చప్పుడులో ఆ పిలుపు వినబడలేదు. ఆ సంగతి అతన్ని తినేసింది. వారం రోజులు అన్నం సయించలేదు. తర్వాత అక్క గదికి వచ్చి, కూర్చోకుండానే, ఇలా బతకడం నా వల్ల కాదన్నాడు. ఒకరి కేక ఒకరికి వినబడేంత దగ్గరలో, ఇష్టపడి కలిసిన నాలుగిళ్లవాళ్లు ఒకచోట ఉండాలని, ఒకే వంటిల్లు, ఒకే పెరడు, పిల్లలకు పెద్దవాళ్లందరూ సొంతవాళ్లే కావాలని ఆ చిన్న గదిలో చేతులు తిప్పుతూ గంటసేపు చెప్పాడు. అలమరా మీది గ్లాసు ఒకటి అతని మోచెయ్యి తగిలి కింద పడింది కూడా.

టైపక్క వింటూ, అలవాటు చొప్పున, వీళ్లు దేనికోసం కొట్టుకుంటారా అని ఆలోచించింది. పైకి మాత్రం, నన్నూ ఒక ఇల్లుగా వేసుకో అంది.

నాలుగిళ్లనుకున్నది ఏడయింది. మాస్టారు, అతని భార్య, కూతురు ఒక ఇల్లు, టైపక్క ఒక్కతే ఒక ఇల్లు. చేతిలో ఎప్పుడూ పానా పట్టుకుని తిరగడం వల్ల ఆ పేరే స్థిరపడిపోయిన ప్లంబరు పానా, అతని భార్య. ముసలి తల్లితో ఉండే నర్సు. రొట్టెలు కాల్చే బేకరీ ఆయన, ఆయన భార్య. వెల్డింగు చేసే దంపతులు, చెవులు వినబడని కొడుకు. పుస్తకాలకు అట్టలు కుట్టే అక్కచెల్లెళ్లిద్దరు.

చోటు కూడా దొరికింది. ఊరి చివర మూతబడిన సబ్బుల ఫ్యాక్టరీ. దాని సొంతదార్లయిన ట్రస్టువాళ్లు, కూలిపోకుండా చూసుకునేవాళ్లుంటే పదేళ్లు ఊరికే వాడుకోమన్నారు. పదకొండేళ్లుగా అందులో ఒక్క సబ్బు తయారు కాకపోయినా, వాన పడితే చాలు గోడలు ఇంకా సబ్బు వాసన వేసేవి. సబ్బులు ఆరబెట్టిన హాలు, ప్యాకింగు హాలు, బాయిలరు గది, వరసగా ఏడు గోదాములు. ఆ బాయిలరు గదిలో కాపలా తాత ఉండేవాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజున ఆయన్ని వెళ్లమని చెప్పడం అందరూ మర్చిపోయారు. ఆయన కూడా గుర్తు చేయలేదు.

రెండేళ్లపాటు ప్రతి ఆదివారం ప్యాకింగు హాల్లో కూర్చుని నిబంధనలు రాసుకున్నారు. వంట వంతులు, బట్టల ఉతుకు, పిల్లల చదువు, చప్పుడు ఎంతవరకు చేయవచ్చు, జబ్బు చేస్తే ఎవరు కూర్చోవాలి, చుట్టాలు వస్తే ఎన్నాళ్లుండాలి. చుట్టాల అధ్యాయం ఒక్కటే ఐదు ఆదివారాలు మింగేసింది. కోర్టులో హెడ్ క్లర్కు ఈ సంగతి విని, మీ ఏడిళ్ల కేసు మన కోర్టుకే వస్తుందా, పై కోర్టుకు పోతుందా అని టైపక్కను ఆటపట్టించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆదివారం అనుకున్నది సోమవారం సాయంత్రానికి మూడు కార్బన్లు పెట్టి కొట్టి ఇచ్చేది. పద్నాలుగో అధ్యాయం పూర్తయిన రోజున మాస్టారు ఆ కాగితాల కట్టను రెండు చేతుల్లో పెట్టుకుని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు పైకీ కిందికీ ఊపి చూశాడు.

ఆ తర్వాతి ఆదివారం టైపక్క ఇంకో కాగితం తెచ్చింది. పైన పదిహేనో అధ్యాయం అని, దాని కింద "విడిపోవలసి వస్తే" అని కొట్టి ఉంది. మిగతాదంతా ఖాళీ.

మాస్టారు మొహం మాడిపోయింది.

"శుభమా అని ఇల్లు కట్టుకుంటుంటే కూల్చే మాట ఏంటక్కా?"

"కూల్చమనట్లేదురా. కూలితే ఎవరి మీద పడకూడదో రాసుకుందామంటున్నాను."

అప్పుడామె తను టైపు చేసిన ఒక కేసు సంగతి చెప్పింది. ఇద్దరన్నదమ్ములు. ఒకరి పళ్లెంలో ఒకరు తిని పెరిగినవాళ్లు. ఇల్లు చెరి సగం చేసుకునేటప్పుడు మేడ మెట్లు ఎవరివో రాసుకోలేదు. అంత సఖ్యంగా ఉన్నవాళ్లు మెట్ల గురించి మాట్లాడుకోవడమేమిటని సిగ్గుపడ్డారు. తర్వాత ఆ మెట్ల కోసం పదహారేళ్లు కోర్టుకు తిరిగారు. ఈలోగా ఇద్దరూ చెరో నిచ్చెన వేసుకుని మేడెక్కేవారు, మధ్యలో మెట్లు గడ్డి మొలిచి పడున్నాయి. తీర్పు టైపు చేసే రోజుకు పెద్దాయన లేడు. చిన్నాయన వచ్చి, తీర్పు కాగితం తీసుకుని, కోర్టు వరండాలో కూర్చుని ఏడ్చాడు. గెలిచింది ఆయనే.

పానా చేతిలోని రెంచీని బల్ల మీద పెట్టాడు. "నేను ఏ ఇంట్లో పైపు వేసినా ముందు నీళ్లు ఆపే వాల్వు ఎక్కడ పెట్టాలో చూస్తాను మాస్టారూ. అంటే లీకవ్వాలని కోరుకున్నట్టా?" అన్నాడు.

మాస్టారు కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మూడు వారాలు అక్కతో మాట్లాడలేదు. చెప్పవలసినవన్నీ భార్య చేత చెప్పించేవాడు. మరదలు బట్టలు కుట్టే మనిషి, మాట కూడా కొలిచి కత్తిరించినట్టే ఉంటుంది. మూడో వారం చివర ఆమె ఇద్దరినీ తన కుట్టు మిషనుకు చెరో పక్క కూర్చోబెట్టి, నేను తపాలా మనిషిని కాను, మీ ఉత్తరాలు మీరే పంచుకోండి అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. మాస్టారు ఒక దారపు ఉండ విప్పి మళ్లీ చుట్టాడు. చివరికి మాస్టారు ఒక షరతు పెట్టాడు. ఒక్కసారి, ఒకే ఒక్క ఆదివారం, విడిపోతున్నట్టు అనుకుని చూద్దాం. అందరి మనసూ విరిగిపోతే ఆ కాగితం చింపేయాలి. టైపక్క ఒప్పుకుంది.

ఆ ఆదివారం ఇంటికొక కాగితం ఇచ్చారు. మూడు ప్రశ్నలు. ఏం తీసుకెళ్తావు, ఏం వదిలేస్తావు, నీ కుటుంబం కాకపోయినా నీతో రావలసినవాళ్లు ఎవరు. మొదటి ప్రశ్న చదువుతుంటే నవ్వులే నవ్వులు. ఇంకా కొననైనా కొనని పెద్ద బట్టలుతికే మిషన్ని నాలుగిళ్లవాళ్లు రాసుకున్నారు. టైపక్క తన కాగితం మీద ఒక్క మాట రాసింది, టైపు మిషను అని. నాకింకేం అక్కర్లేదు, నేను ఎప్పుడైనా లేచి వెళ్లిపోగలను అని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

మూడో ప్రశ్న దగ్గర అందరూ ఖాళీ వదిలేశారు. అందరివీ కుటుంబాలే కదా, ఇంకెవరుంటారు అన్నాడు బేకరీ ఆయన. సరిగ్గా అప్పుడు కాపలా తాత తలుపు దగ్గరకు వచ్చి, వాన వచ్చేలా ఉంది, గేటు వేసేయమంటారా అని అడిగాడు. వేసేయండి తాతా అని ఎవరో అన్నారు. ఆయన వెళ్లాక హాల్లో ఒక్కొక్కరూ తల దించుకున్నారు. రెండేళ్లుగా వారం వారం వాళ్లకు గేటు తీసినవాడు, బల్లలు తుడిచి పెట్టినవాడు, ఏ గోడ ఎప్పుడు కురుస్తుందో చెప్పినవాడు. పద్నాలుగు అధ్యాయాల్లో ఒక్కచోట కూడా ఆయన లేడు.

మాస్టారు లేచి హాలు గోడకున్న నల్లబల్ల దగ్గరకు వెళ్లాడు. పదిహేనో అధ్యాయం మొదటి నిబంధన తన చేత్తోనే రాశాడు: ఏం జరిగినా తాతకు ఒక ఇల్లు ఉండాలి, ఆ ఇల్లేదో తాతే చెప్పాలి. రాసి, అక్క వైపు చూడకుండానే, నువ్వు కాగితం తీసుకో, మిగతావి చెబుతాను అన్నాడు. ఆ తర్వాత ఆగలేదు. వెళ్లిపోతామన్నవాళ్లను ఎందుకని ఒకసారే అడగాలి, రెండోసారి అడగకూడదు. వెళ్లే ఇంటి సామాను మిగతా ఇళ్లవాళ్లే మోయాలి. ఐదిళ్ల కంటే తగ్గితే ఆరు నెలలు కొత్తవాళ్లకోసం వెతకాలి, దొరక్కపోతే నలభై రోజుల్లో మూసేయాలి. ఆ ఐదు అనే అంకె మాస్టారు చెప్పిందే. అంతకన్నా తక్కువమంది ఈ పని మొయ్యలేరు, నడుములు విరుగుతాయి అని పంతం పట్టి మరీ రాయించాడు.

తర్వాతి నెలలో అందరూ దిగిపోయారు.

ఎలా బతికారని అడిగితే టైపక్క ఇప్పటికీ తన గది దగ్గర్నుంచే మొదలుపెడుతుంది. అది ఒకప్పుడు సబ్బులు తూచిన గది. పెరటివైపు కిటికీ. తలుపుకు ఆమె తనకిష్టమైన ఆకుపచ్చ రంగు వేసుకుంది. నలభై తొమ్మిదేళ్ల వయసులో, ఎవర్నీ అడగకుండా రంగు వేసుకున్న మొదటి తలుపు. సాయంత్రం కోర్టు నుంచి వచ్చేసరికి పెరట్లో మేనకోడలు, వెల్డింగువాళ్ల అబ్బాయి చేతులతో మాట్లాడుకుంటూ ఉండేవారు. ఆరు నెలలు తిరిగేసరికి ఏడిళ్లవాళ్లకూ ఆ చేతుల భాష వచ్చేసింది. అందరిలోకీ మాస్టారికే తొందరగా పట్టుబడింది, పుట్టినప్పట్నుంచీ చేతులతోనే కదా మాట్లాడుతున్నాడు అని మరదలు అనేది. పానా వేసిన పైపుల్లో ఒక్క చుక్క కారేది కాదు. బేకరీ ఆయన పాత బాయిలరు పక్కన పొయ్యి కట్టి రొట్టెలు కాల్చేవాడు. అక్కచెల్లెళ్లు వంట పట్టికకు కూడా గుడ్డ అట్ట కుట్టారు.

రెండో ఏడాది టైపక్కకు నిమోనియా వచ్చింది. పద్దెనిమిది రోజులు మంచం మీద ఉంది. జబ్బు అధ్యాయం తనే టైపు చేసినా, అందులో రాసింది తనకు జరుగుతుందని ఏనాడూ అనుకోలేదు. రెండేసి గంటల వంతున ఎవరో ఒకరు కుర్చీలో ఉండేవారు. ఒక మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి పానా కూర్చుని, రెంచీని గుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు. ఆమె కళ్లు తెరవగానే ఏమీ అడక్కుండా మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒంటరిగా ఉన్న మనిషి. అడగకుండా మంచినీళ్లు ఇచ్చినవాళ్లు అంతకుముందు ఎవరున్నారా అని ఆలోచిస్తే, అమ్మ తర్వాత ఎవరూ తట్టలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. పానా చూడనట్టే ఉన్నాడు.

నాలుగో ఏడాది నర్సుకు వేరే ఊళ్లో ఆసుపత్రి బాధ్యత అప్పగించారు. అంత పెద్ద ఉద్యోగం వదులుకోమనడానికి ఎవరికి నోరొస్తుంది? అందరూ కలిసి ఆమె సామాను లారీకెక్కించారు. మూడు నెలలకు వెల్డింగు దంపతులు వెళ్లారు. అబ్బాయికి సరిపడే బడి రెండు వందల మైళ్ల అవతల ఉంది. ఆ తర్వాత బేకరీ ఆయన ఒక రోజు భోజనాల దగ్గర, నాకు మనుషులంటే విసుగొచ్చింది, ఎవరి తప్పూ లేదు, కొన్నాళ్లు మేమిద్దరమే ఉండాలనుంది అన్నాడు. ఎందుకని ఒకసారి అడిగారు. ఆయన అదే మాట చెప్పాడు. రెండోసారి ఎవరూ అడగలేదు.

నాలుగిళ్లు మిగిలాయి.

ఆరు నెలల వెతుకులాట మొదలైంది. పదకొండు కుటుంబాలు వచ్చి చూసి వెళ్లాయి. ఒకాయన రెండు కార్లు ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. ఒకావిడకు అన్నీ నచ్చాయి గానీ వంట వంతు మాత్రం పనిమనిషి చేత చేయిస్తానంది. ఒక కొత్త జంట వస్తామని మాటిచ్చి, అమ్మాయి వాళ్లమ్మ ఏడ్చిందని మానుకున్నారు. ఆరో నెల చివరికొచ్చేసరికి మాస్టారు సగమైపోయాడు.

ఒక ఆదివారం పొద్దున్నే అతను అక్క గదికి వచ్చాడు. వచ్చి, ఈసారి కూర్చున్నాడు.

"ఐదు అన్నచోట నాలుగు అని కొట్టక్కా. ఒక్క అంకె. మిగతా మూడిళ్లవాళ్లనూ నేను ఒప్పిస్తాను."

టైపక్క ఆలోచిస్తానని చెప్పి పంపేసింది. అతను వెళ్లాక మిషన్లో కాగితం ఎక్కించి, పదిహేనో అధ్యాయం మొదటి నుంచీ కొట్టుకుంటూ వచ్చింది. ఆ అంకె దగ్గరకు వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఆగింది నియమం కోసం కాదు. నాలుగు కొట్టాలని ఎంత గట్టిగా ఉందో తెలిసి ఆగింది. ఎప్పుడైనా లేచి వెళ్లిపోగలనని అనుకున్న మనిషి ఆ ఆకుపచ్చ తలుపు వంక చూస్తూ కూర్చుంది. అందర్నీ విడిపోవడానికి సిద్ధం చేసింది. తను మాత్రం ఏ కోశానా సిద్ధంగా లేదు.

లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ పెద్ద గిన్నె దించుతోంది. ఆమె వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఎప్పట్నుంచి అని టైపక్క అడిగితే, చలికాలం నుంచీ అంది ఆవిడ, పుస్తకాలు కుట్టడం చెల్లెలే చూసుకుంటోందని కూడా చెప్పింది. టైపక్క గోడకున్న వంట పట్టిక చూసింది. వారానికి మూడు రోజులు ఆవిడ పేరే. పక్కన బట్టల పట్టికలో మరదలి పేరు, మరమ్మతుల్లో అన్నిచోట్లా పానా, అతని భార్యా. ఆరు నెలలుగా ప్రతి సోమవారం ఆ పట్టికలు టైపు చేస్తున్నది తనే. ఏడిళ్ల పని నాలుగిళ్లు మోస్తున్న సంగతి వేళ్లకు తెలిసింది గానీ, కళ్లకు పట్టలేదు. పట్టనివ్వలేదు.

గిన్నె తను అందుకుని, దించి, తిన్నగా తమ్ముడి దగ్గరకు వెళ్లింది. మాస్టారు పెరట్లో కూతురి సైకిలు చైను సరిచేస్తున్నాడు.

"నాకు వెళ్లాలని లేదురా. నీకన్నా నాకే లేదు. ఈ గది తప్ప నాకు ఇల్లంటూ ఎప్పుడూ లేదు. కానీ ఆ పెద్దావిడ చేతులు చూశావా?"

అతను చైను వదిలేశాడు. చేతులకు నల్లటి గ్రీజు. చాలాసేపు ఆ చేతులు కదల్లేదు.

"ఐదు అని నేనే అన్నాను కదక్కా" అన్నాడు చివరికి.

"నువ్వే అన్నావు. నడుములు విరుగుతాయన్నావు. అందరిలో నీ ఒక్కడికే తోచింది."

మర్నాడు సాయంత్రం ప్యాకింగు హాల్లో మాస్టారే పదిహేనో అధ్యాయం పైకి చదివాడు. క్లాసులో పాఠం చెప్పినట్టు, ఎక్కడా గొంతు తడబడకుండా. చదవడం పూర్తయ్యాక పెద్దావిడ, నా వల్ల అయింది కదూ అంది. మీ వల్ల కాదు, మీ కోసం అన్నాడు మాస్టారు. పానా మొదటిసారి అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు.

నలభై రోజులు. ఏ రోజు ఏం చేయాలో నాలుగున్నరేళ్ల కిందటే రాసి ఉంది కాబట్టి ఎవరూ ఎవరి మొహమూ చూసి జంకవలసిన పని లేకపోయింది. అప్పటికి కొన్న బట్టల మిషను, చేతులు బాగాలేని ఇంటికి వెళ్లాలని ఎవరూ చెప్పకముందే అందరికీ తెలిసిపోయింది. పిల్లల పుస్తకాలు వెల్డింగువాళ్ల అబ్బాయి బడికి పంపారు. గోడలకు సున్నం వేశారు, కురిసే చోట్ల పూత పూశారు.

తాత కోసం మూడిళ్లవాళ్లు పోటీ పడ్డారు. పానా మా ఇంటికే అన్నాడు, మాస్టారు మా ఇంటికే అన్నాడు, అక్కచెల్లెళ్లు తాత కోసం గది చూసేశామన్నారు. తాత అందరి మాటా విని, టైపక్క గది గడప మీద వచ్చి కూర్చున్నాడు.

"నన్ను పంచుకోకండి. ఈ అమ్మ దగ్గరకెళ్తాను. ఈవిడ ఎక్కువ మాట్లాడదు. నేనూ అంతే" అన్నాడు.

టైపక్క ఆ సాయంత్రమే రెండు గదుల ఇల్లు వెతకడానికి బయల్దేరింది.

నలభయ్యో రోజు పొద్దున గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. చూస్తే నర్సు. తెల్లవారుజామున రైలు దిగి నేరుగా వచ్చింది. వెనకే వెల్డింగు దంపతులు, వాళ్ల అబ్బాయి. సామాను మోయాలని రాసుకున్నాం కదా అన్నారు. మనుషులంటే విసుగొచ్చిన బేకరీ ఆయన కూడా పిండి బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. ఎవర్నీ పలకరించకుండా పొయ్యి వెలిగించి, మధ్యాహ్నానికి అందరికీ సరిపడా రొట్టెలు కాల్చి, తనే బండికెత్తవలసిన బరువుల దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. ట్రస్టు మనిషి ఏమేం పాడయ్యాయో రాసుకోవడానికి పెద్ద పట్టీ తెచ్చుకున్నాడు. గది గదికీ తిరిగి, ఒక్క గీత కూడా గీయకుండా పట్టీ మడిచి జేబులో పెట్టుకుని, ఈ పైపులు వేసింది ఎవరండీ అని అడిగాడు. పానా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

కోర్టులో ఆ నెలలో హెడ్ క్లర్కు మళ్లీ ఆటపట్టించబోయాడు. మా కేసు ఇక రాదండీ, మూసేశాం అని చెప్పింది టైపక్క. ఆయన నమ్మలేదు. ఏడిళ్లు, నాలుగున్నరేళ్లు, ఒక్క కాగితం కూడా కోర్టుకు రాకుండానా అన్నాడు. ఒక్క కాగితం కూడా రాకుండానే అంటున్నప్పుడు ఆమె వెన్ను దానంతట అదే నిటారయింది. అంతకుముందు ఆ కుర్చీలో అంత నిటారుగా ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు.

అధ్యాయంలో చివరి నిబంధన ప్రకారం, విడిపోయిన ఏడాదికి అందరూ ఒకచోట కలిసి, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని దాపరికం లేకుండా చెప్పుకోవాలి. నర్సు పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్లో కలిశారు. ఏడిళ్లవాళ్లూ వచ్చారు. నర్సు తనకు తెలిసిన కొందరిని కూడా పిలిచింది. తొమ్మిది కుటుంబాలు కలిసి ఉండాలని ఆలోచిస్తున్నవాళ్లు, పడుచువాళ్లు, చేతుల్లో నోటు పుస్తకాలు. భోజనాలయ్యాక వాళ్లు మాస్టారిని మాట్లాడమన్నారు. మొదలుపెట్టింది ఆయనే కదా.

మాస్టారు లేచాడు. చేతులు గాల్లోకి లేచాయి. ఏమనుకున్నాడో, మళ్లీ దించేశాడు.

"ఎలా కలవాలో చెప్పమంటే నేను రేపటిదాకా చెబుతాను. ఎలా విడిపోయామో మా అక్క చెబుతుంది. మేం చేసినవాటిలో నాకు బాగా గర్వంగా ఉన్నది అదే."

ఇతరుల మాటలు టైపు చేయడమే తప్ప, నలుగురి ముందు నిలబడి తన మాట చెప్పడం టైపక్క ఎరగదు. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఇంకా నోరు తెరవకముందే నోటు పుస్తకం పట్టుకున్న ఒకమ్మాయి, తప్పుగా అనుకోకండి, అంటే మీది విఫలమైనట్టేనా అని అడిగింది. మరదలు ఆ అమ్మాయిని సూదితో గుచ్చినట్టు చూసింది. టైపక్కకు మాత్రం కోపం రాలేదు. బల్ల చుట్టూ ఒకసారి చూసింది. తాత గ్లాసులో నర్సు తల్లి మజ్జిగ పోస్తోంది. అవతల కొసన మేనకోడలు, వెల్డింగువాళ్ల అబ్బాయి ఎవరికీ వినబడని పెద్ద వాదనలో ఉన్నారు. అక్కచెల్లెళ్లలో పెద్దావిడ వేళ్ల వాపు తగ్గింది.

"నాలుగున్నరేళ్లు నడిచిందమ్మా. ఆగిపోయింది. ఆగిన ఏడాదికి పదహారుమందిమీ ఒక బల్ల దగ్గర అన్నం తిన్నాం. దానికి ఏ మాట సరిపోతుందో అంతా విన్నాక నువ్వే రాసుకో" అంది.

ఆ తర్వాత మొదటి ఆదివారం నుంచి మొదలుపెట్టి చెప్పింది. ఆమె ఒక్కో మాట చెబుతుంటే వెల్డింగు ఆవిడ కొడుకు కోసం దాన్ని చేతులతో చెబుతూ వచ్చింది. పడుచువాళ్లు రాసుకోవడం మానేసి వింటున్నారు. మాస్టారు చేతులు కట్టుకుని, అక్క మీంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. క్యాంటీనువాళ్లు ఒక్కో బల్లా తుడుచుకుంటూ వచ్చి, ఈ బల్ల దగ్గర కాసేపు ఆగి, దీన్ని తర్వాత చూద్దాంలే అని గుడ్డ భుజాన వేసుకుని వెళ్లిపోయారు.